ఆరు ఇత్తడి చుక్కలు

"ఆ తనిఖీ మనిషి ఈ షెడ్డులో అడుగు పెట్టాడంటే నేను ఈ ఇంట్లోంచి అడుగు బయటపెడతాను. తర్వాత నన్ననొద్దు."

తల్లి షెడ్డు గుమ్మానికి అడ్డంగా కుర్చీ వేసుకుని కూర్చుంది. అదేం ఎత్తు కుర్చీ కాదు. అయినా ఆవిడ పాదాలు నేలకు జానెడు పైనే ఆగిపోయాయి.

ల్యాబమ్మ గడియారం చూసుకుంది. పదిన్నర. తనిఖీ మనిషి వచ్చేది పదకొండింటికి. పన్నెండింటికి ఇంకో కంపెనీ ట్రైలర్ వస్తుంది. ఆ ట్రైలర్‌ను పిలిచింది తను కాదు.

"నిన్న నేను డ్యూటీకి వెళ్ళాక వాళ్ళకి ఫోన్ చేశావు. నాతో ఒక్క మాట అనలేదు."

"చేశాను. నా మొగుడి బండి, నా ఇష్టం."

"నాన్న బండి కాదమ్మా. పెద్దనాన్న బండి. కాగితాల మీద ఇప్పటికీ ఆయన పేరే ఉంది."

తల్లి చీర కుచ్చెళ్ళు సర్దుకుంది. సర్దిన వాటినే మళ్ళీ సర్దుకుంది.

గోడకి జారబడి నిలబడ్డ తమ్ముడు మెడలోని విజిల్‌ను వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉన్నాడు. బళ్ళో డ్రిల్లు మాస్టారు. ఎక్కడ గొడవైనా మధ్యలోకి జోకుతో దూరడం చిన్నప్పటి నుంచీ అతని అలవాటు.

"భలే ఉంది మన పెద్దావిడ వ్యవహారం! పదకొండుకి ఒకడు పిల్లని చూసుకోవడానికొస్తాడు. పన్నెండుకి ఇంకోడు ఏకంగా ఎత్తుకుపోవడానికొస్తాడు."

ఎవరూ నవ్వలేదు.

పెద్దావిడ అంటే ఆ కారు. మీగడ రంగు, గుండ్రటి దీపాలు, పట్టుచీర అంచులా మెరిసే సన్నటి స్టీలు గీత. నలభై ఏళ్ళ నాటిది. ఊళ్ళోకెల్లా పేరున్న టింకరింగ్ మేస్త్రి అయిన తండ్రి దానికి పెట్టుకున్న పేరు అది. తల్లి మాత్రం నా సవతి అనేది. పెట్రోలు వాసనకి కళ్ళు తిరుగుతాయని చెప్పి, ల్యాబమ్మకి ఊహ తెలిసిన దగ్గర్నుంచి ఒక్కసారి కూడా అందులో ఎక్కలేదు. ఎక్కడికైనా బస్సే.

రెండు నెలల క్రితం, ఆసుపత్రి మంచం మీద తండ్రి ఆఖరుగా మాట్లాడింది కూడా దాని గురించే. మూడు ముక్కలు. "బండి అన్నయ్యకి పంపించండి. ఎవరూ నడపొద్దు. మూత ఉన్న లారీలో పంపించండి."

"ఆ మాట నువ్వూ విన్నావు" అంది ల్యాబమ్మ. "పక్కనే ఉన్నావు."

"విన్నాను. లారీ అన్నాడు. ఏ లారీ అయితే ఏంటి?"

"ఏ లారీ అయితే ఏంటా?"

మూడు వారాలు. పదకొండు కంపెనీలు. గీతల నోటుబుక్కు నిండా ఆమె రాసుకున్న ప్రశ్నలు. లారీ మీ సొంతమా? దారిలో బండి మారుస్తారా? పట్టీలు చక్రాలకి కడతారా, బాడీకి కడతారా? తల్లి పిలిచిన ట్రైలర్ కంపెనీ మొదటి ప్రశ్న దగ్గరే తేలిపోయింది. వాళ్ళకి లారీయే లేదు. ఫోను ఎత్తుతారు, బేరం కుదురుస్తారు, లోడు ఇంకెవరికో అమ్మేస్తారు. ఎనిమిది బళ్ళు రెండంతస్తులుగా ఎక్కించుకుని, పదహారు వందల కిలోమీటర్లు ఎండా దుమ్మూ తినిపిస్తూ, దారిలో రెండు చోట్ల దింపి ఎక్కిస్తారు.

ల్యాబమ్మ ఎంచుకున్న కంపెనీది మూత లారీ. మొదటి నుంచి చివరిదాకా ఒకే డ్రైవరు. వెనక తలుపు బల్లలా పరుచుకుని బండిని ఉన్నపళంగా పైకెత్తుతుంది. అయితే వాళ్ళకి ఒక షరతు ఉంది. ఎక్కించే ముందు వాళ్ళ సర్వేయరు వచ్చి బండిని అంగుళం అంగుళం చూస్తాడు. ప్రతి గీతా ఫొటో తీస్తాడు. మచ్చ దాస్తే బీమా చెల్లదు.

ఆ షరతు చూసే ల్యాబమ్మ వాళ్ళని ఎంచుకుంది. రక్తపరీక్షల ల్యాబులో పదేళ్ళుగా ఆమె చేస్తున్నది అదే పని. చూసింది రాయడం, రాసినదాని కింద సంతకం పెట్టడం. వీధిలో ఆమె అసలు పేరు మరిచిపోయి ల్యాబమ్మ అని పిలవడం కూడా అందుకే.

ఆ షరతు వినే తల్లి వాళ్ళని వద్దంది.

"ముప్పై ఏళ్ళుగా మీ నాన్న చెయ్యి తప్ప దాని మీద ఇంకో చెయ్యి పడలేదు. ఇప్పుడు ఎవడో వచ్చి సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు చూస్తాడా?"

"పెద్దనాన్న ఫోన్లో ఏమన్నాడో తెలుసా అమ్మా? పంపుతానంటే పంపండి. అంతే, ఇంకో మాట లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత నాతో ఆయన మాట్లాడింది ఆ ఒక్క ముక్క. ఆ బండి మీద కొత్తగా ఒక్క గీత పడి చేరిందనుకో, ఇక రెండో ముక్క ఉండదు. నాన్న కోసం కాకపోయినా..."

"నాన్న కోసమే చెప్తున్నాను" అంది తల్లి. "నా మాట వినవే. ఒక్కసారి విను. ఎందుకని అడక్కుండా విను."

ఇన్నేళ్ళలో తల్లి బతిమాలడం ల్యాబమ్మ చూడలేదు. ఏమంటుందో ఆమెకే తెలియని మాట ఏదో నోటిదాకా వచ్చింది.

గేటు చప్పుడైంది. సర్వేయరు ఇరవై నిమిషాలు ముందే వచ్చేశాడు.

సన్నటి మనిషి. భుజానికి సంచి, చేతిలో పలకంత టాబ్, కర్రకి బిగించిన అద్దం ఒకటి. గుమ్మంలో కుర్చీనీ, కుర్చీలో తల్లినీ చూసి చెప్పులు విప్పబోయినవాడు ఆగిపోయాడు.

"లేవక్కర్లేదమ్మా, కూర్చోండి. కాస్త పక్కకి జరిగితే చాలు, దూరిపోతాను."

"జరగను."

డ్రిల్లు మాస్టారు నిట్టూర్చాడు. "మన్నించవే అమ్మా" అంటూ వంగి, కుర్చీని తల్లితో సహా ఎత్తి, రెండడుగులు పక్కన పెట్టాడు. పూలకుండీని జరిపినంత తేలిగ్గా.

తల్లి అరవలేదు. తిట్టలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కారు వైపే చూస్తూ ఉండిపోయింది. అరిచినా బాగుండేదనిపించింది ల్యాబమ్మకి.

సర్వేయరు పని మొదలుపెట్టాడు. చేతిలో చిన్న మీటరు, దాన్ని రేకు మీద ఆనించినప్పుడల్లా కీచుమంటోంది. తలుపులు. డిక్కీ. కుడి మడ్‌గార్డు. ఎడమ మడ్‌గార్డు దగ్గర ఆగి మూడుసార్లు ఆనించాడు.

"ఇక్కడ దెబ్బ తగిలింది. బాగా. సీసం పోసి సరిచేశారు. ఎవరి పనండీ ఇది?"

"మా నాన్నది."

"ఇలాంటి చెయ్యి ఇప్పుడు లేదండీ. మీటరు లేకపోతే నేనూ పట్టుకోలేకపోయేవాణ్ణి."

"రాసుకోండి" అంది ల్యాబమ్మ. "పాత యాక్సిడెంటు."

ఆ కథ ఇంట్లో అందరికీ తెలిసినదే. ముప్పై ఒక్కేళ్ళ క్రితం వానలో పెద్దనాన్న నడుపుతున్న ఈ బండి ఒక సైకిలును గుద్దింది. సైకిలు మీదున్నది బడిలో గంట కొట్టే మనిషి. మూడో రోజు పోయాడు. పెద్దనాన్న మూడేళ్ళు జైల్లో ఉండి, బయటికొచ్చాక అటునుంచటే దూరంగా వేరే రాష్ట్రానికి వెళ్ళిపోయాడు. ఆ మూడేళ్ళలో సొంత తమ్ముడు ఒక్కసారి కూడా తనను చూడటానికి రాలేదన్నది ఆయన కోపం. ఎందుకు వెళ్ళలేదని అడిగితే తండ్రి సుత్తి పట్టుకుని షెడ్డులోకి వెళ్ళిపోయేవాడు. ఆ రోజంతా రేకు చప్పుడే జవాబు.

సర్వేయరు డ్రైవరు వైపు తలుపు తీసి మోకాళ్ళ మీద కూర్చున్నాడు. టార్చి వేసి పెడల్స్ నొక్కి చూశాడు. పాత రబ్బరు తొడుగులు ఎండిపోయి, అతని చేతిలోనే పొడి పొడిగా రాలిపోయాయి.

"అయ్యో, ఇదీ రాసుకోవాలి" అన్నాడు. టార్చి ఇంకా దగ్గరికి పెట్టాడు. "ఇదేంటండీ?"

ల్యాబమ్మ వంగి చూసింది. క్లచ్ మీద రెండు, బ్రేకు మీద రెండు, యాక్సిలరేటర్ మీద రెండు. కందిగింజంత పసుపు చుక్కలు. ఇనుములో ఇత్తడి. వేలితో తడిమితే ఎక్కడా అంచు తగల్లేదు.

"రంధ్రాలు చేసి, ఇత్తడితో పూడ్చారు" అన్నాడు సర్వేయరు, పనివాణ్ణి మెచ్చుకునే పనివాడి గొంతుతో. "కాళ్ళు అందనివాళ్ళకి పెడల్స్ మీద చెక్క దిమ్మలు బిగిస్తారు. వాటి బోల్టులవి ఈ రంధ్రాలు. దిమ్మలు తీసేశాక ఎవరైనా అలాగే వదిలేస్తారండీ, రబ్బరు కింద ఎవడు చూడొచ్చాడు? ఈయన పూడ్చి, అరగదీసి, మెరుగు కూడా పెట్టాడు."

వదిలేసి ఉంటే ఆ తుప్పు బొక్కల్ని ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. కానీ బొక్క వదిలితే తుప్పుని భోజనానికి పిలిచినట్టే అనేవాడు తండ్రి. ఆయన చేతికి పని అసంపూర్తిగా వదలడం రాదు. దాచాల్సిన పని కూడా అందంగానే చేశాడు.

"మీ నాన్నగారు పొట్టివారా?"

"కాదు. ఈ గుమ్మం దగ్గర తల వంచేవారు."

"మరి ఓనరుగారు? మీ పెద్దనాన్నగారు?"

"అన్నదమ్ములిద్దరూ ఒకటే ఎత్తు" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "మా ఇంట్లో పొట్టి అంటే..."

మాట అక్కడే ఆగిపోయింది. అక్కా తమ్ముళ్ళిద్దరూ ఒక్కసారే వెనక్కి తిరిగారు.

తల్లి కుర్చీలో కూర్చుని ఉంది. పాదాలు నేలకు అందక గాలిలో ఉన్నాయి.

"ఆ ముక్క కొట్టెయ్యి నాయనా" అంది సర్వేయరుతో. "నీకు పుణ్యముంటుంది. ఆ ఒక్క ఫొటో తీసెయ్యి."

సర్వేయరు ఇబ్బందిగా టాబ్ వైపు చూశాడు. "నా చేతిలో లేదమ్మా. ఫొటో తీయగానే రెండు చోట్లకీ వెళ్ళిపోతుంది. పంపేవాళ్ళకీ, అందుకునేవాళ్ళకీ. తర్వాత ఎవరూ మార్చకూడదని."

"అందుకునేవాళ్ళకి" అంది తల్లి. ప్రశ్నలా అనలేదు.

వీధి చివర పెద్ద హారన్ మోగింది. ట్రైలర్.

"నేను వాణ్ణి ఆపి వస్తా" అన్నాడు డ్రిల్లు మాస్టారు. పరుగు అతని ఉద్యోగం. అయినా నడిచే వెళ్ళాడు. సర్వేయరు కూడా ఏదో అర్థమైనవాడిలా, సంతకం చోటు తెరిచి ఉంచిన టాబ్‌ను బానెట్ మీద పెట్టి, మంచినీళ్ళు తాగొస్తానని బయటికి నడిచాడు.

షెడ్డులో తల్లీ కూతురూ మిగిలారు. మధ్యలో కారు.

"నీకు డ్రైవింగ్ వచ్చా?" అడిగింది ల్యాబమ్మ.

"వచ్చేది."

"ఎవరు నేర్పారు?"

"ఇంకెవరు? తెల్లారకముందే ఖాళీ మైదానానికి తీసుకెళ్ళేవాడు. అందరి మొగుళ్ళూ పెళ్ళాలకి నగలు తెస్తే, నా మొగుడు చెక్క దిమ్మలు తెచ్చాడు." తల్లి పెదవుల మీద నవ్వులాంటిది ఒకటి వచ్చి పోయింది. "బండి మీ పెద్దనాన్నదే అయినా ఉండేది ఈ షెడ్డులోనే. ఆయన పని పొరుగూళ్ళో. నేను నేర్చుకుంటున్నట్టు ఆయనకి తెలీదు. ఎవరికీ తెలీదు."

ల్యాబమ్మ అడగదలుచుకోలేదు. అడిగింది. "ఆ రోజు ఏం జరిగింది?"

"నీకు మూడో నెల. ఒళ్ళు పెనంలా కాలిపోతోంది. మీ నాన్న రేకులు కొనడానికి వెళ్ళాడు. వాన. రిక్షా లేదు, మనిషి లేడు. నిన్ను వెనక సీట్లో దిండ్ల మధ్య పడుకోబెట్టాను." తల్లి చేతులు ఒళ్ళో ఒకదాన్నొకటి పట్టుకున్నాయి. "దారంతా ఏడుస్తూనే ఉన్నావు. ఏడుస్తోంది, ఫరవాలేదు అనుకుంటూ నడిపాను. బడి దాటాక ఏడుపు ఆగిపోయింది. ఎందుకాగిందా అని వెనక్కి తిరిగి చూశాను. ఒక్కసారి. అంతే."

బయట ట్రైలర్ ఇంజను గురగురమంటోంది.

"నీకేం కాలేదు. నిద్రపోయావు. వానలో నన్నెవరూ చూడలేదు, బండి షెడ్డుకి తెచ్చేశాను."

ల్యాబమ్మ కారు తలుపు పట్టుకుంది.

"మరి పెద్దనాన్న..."

"ఆ పూటే సెలవు మీద ఇంటికొచ్చాడు. మీ నాన్న ఆయన ముందు నిలబడి, నేనే గుద్దాను అన్నయ్యా అన్నాడు. నా పేరు చెప్పలేదు. నీకు పసిపిల్ల ఉంది, నాకెవరున్నారురా అని ఆయన చొక్కా మార్చుకుని నేరుగా స్టేషన్‌కి వెళ్ళిపోయాడు. ఆ సాయంత్రమే మీ నాన్న దిమ్మలు పీకి పొయ్యిలో పెట్టాడు."

"అంటే ఇప్పటికీ ఆయన..."

"తమ్ముడి కోసం వెళ్ళాననుకుంటున్నాడు."

"మరి నాన్న జైలుకెందుకు వెళ్ళలేదు? ఒక్కసారి కూడా?"

"వెళ్తానన్నాడు. వెళ్తే ఆయన మొహం చూసి చెప్పేస్తాడని నాకు తెలుసు. మీ నాన్నకి రెండోసారి అబద్ధం ఆడటం రాదు. నీ తల మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. వెళ్ళనని."

ల్యాబమ్మకి తండ్రి సుత్తి చప్పుడు గుర్తొచ్చింది. అడిగిన ప్రతిసారీ ఆయన వంచుకున్న తల గుర్తొచ్చింది. తోడబుట్టినవాడి దృష్టిలో కృతఘ్నుడిగా బతికి, అలాగే పోయాడు. ఆ అబద్ధానికి కాపలా కాసింది ఈవిడ. కాపలా కాయించుకున్నది, దిండ్ల మధ్య నిద్రపోయిన తను.

డ్రిల్లు మాస్టారు గుమ్మంలోకి వచ్చాడు. "పది నిమిషాలే ఆగుతాడట. ఎక్కిస్తావా, పొమ్మంటావా? ఏదో ఒకటి చెప్పవే అక్కా, వీధంతా బయటికొచ్చి చూస్తోంది."

తల్లి కుర్చీలోంచి కిందికి దిగింది. ల్యాబమ్మ మోచెయ్యి పట్టుకుంది. "నువ్వు సంతకం పెట్టకపోతే ఆ కాగితం చెల్లదు కదా? ట్రైలర్ ఎక్కించెయ్. ఆ ఫొటో వేరే బండిది, పొరపాటున వచ్చిందని చెప్దాం. ఆయనకీ డెబ్భై దాటాయి. ఈ వయసులో ఇది తెలిసి ఏం బావుకుంటాడు చెప్పు?"

"నాన్నని క్షమించొచ్చు."

"నన్ను?"

ల్యాబులో కూడా ఇలాంటి చేతులు ల్యాబమ్మ మోచెయ్యి పట్టుకునేవి. ఆ ఒక్క అంకె మార్చండమ్మా అనేవి. వాటిని విడిపించుకోవడం ఆమెకి అలవాటే. అయితే వాటిలో ఏదీ తల్లి చెయ్యి కాదు.

వేళ్ళు ఒక్కొక్కటిగా విడదీసింది. టాబ్ అందుకుని సంతకం పెట్టింది.

"ట్రైలర్‌ని పొమ్మను" అంది తమ్ముడితో.

డ్రిల్లు మాస్టారు అక్కనీ అమ్మనీ మార్చి మార్చి చూశాడు. జోకు కోసం వెతికాడు. దొరకలేదు. వెళ్ళిపోయాడు.

తల్లి కారు చుట్టూ తిరిగి డ్రైవరు తలుపు దగ్గర నిలబడింది. లోపలికి చూడలేదు. ముప్పై ఒక్కేళ్ళ తర్వాత ఆ బండిని అంత దగ్గరగా చూస్తోందేమో, అద్దం మీద తన మొహాన్ని గుర్తుపట్టనట్టు చూసుకుంది.

ల్యాబమ్మ ఫోను మోగింది.

తెర మీద పెద్దనాన్న పేరు. మూడోసారి మోగాక ఎత్తింది.

"పెద్దనాన్నా."

పలకరింపు లేదు. బాగున్నావా లేదు. ముసలి గొంతు, కానీ రేకు మీద గీత గీసినంత స్పష్టంగా ఉంది.

"ఇప్పుడే ఒక ఫొటో వచ్చింది. పెడల్స్‌ది. ఇత్తడి పని మా తమ్ముడిదే, ఎక్కడున్నా గుర్తుపడతాను." ఊపిరి తీసుకున్నాడు. "మా తమ్ముడు ఆరడుగులు తల్లీ."

"పెద్దనాన్నా, అది..."

"నువ్వేమీ చెప్పొద్దు. మీ అమ్మ ఉందా అక్కడ?"

"ఉంది."

"ఫోను ఇవ్వొద్దు. వినపడేలా పెట్టు చాలు."

ల్యాబమ్మ స్పీకరు నొక్కి ఫోనును బానెట్ మీద పెట్టింది. తల్లి కదల్లేదు.

"లారీ వద్దని చెప్పెయ్" అంది ఆ గొంతు. "ఏ కంపెనీ వద్దు. రేపు రైలెక్కి వస్తున్నాను. దిగిన మర్నాడే బండి తీసుకుని రోడ్డు మీదే బయల్దేరతాం."

"పదహారు వందల కిలోమీటర్లు పెద్దనాన్నా! మీరు అంత దూరం నడపగలరా?"

"నేనా? జైల్లోంచి బయటికొచ్చాక నేను స్టీరింగు ముట్టుకోలేదు. నన్ను అందరూ మనిషిని చంపినవాడనేవాళ్ళు. అని అని, నిజంగా నేనే నడిపానేమోనని నాకే అనుమానం వచ్చేది. నేను పక్క సీట్లో కూర్చుంటాను. మీ అమ్మ నడుపుతుంది. దారి పొడుగునా చెప్తుంది. నేను వింటాను. తమ్ముడి దగ్గర వినాల్సింది కూడా ఆవిడ దగ్గరే వింటాను."

ట్రైలర్ ఇంజను చప్పుడు వీధి మలుపు తిరిగి సన్నగిల్లిపోయింది.

తల్లి బానెట్ దగ్గరికి వచ్చింది. రెండు చేతులూ బండి మీద ఆనించి ఫోను వైపు వంగింది. ముప్పై ఏళ్ళుగా పలకని పిలుపుతో పిలిచింది.

"బావగారూ... నాకు లైసెన్సు లేదండీ."

అటువైపు నుంచి జవాబు వెంటనే వచ్చింది.

"ఆ రోజు ఉందా?"